ఎవరి చేతిలోంచి పోయింది? – ‘లూజ్’ అనే ఆంగ్ల క్రియ గురించి

తెలుగు పిల్లలకు ఇంగ్లీషు నేర్పడంలోనే జీవితం గడిపిన ఒక ఉపాధ్యాయుడి స్మృతిలో జరుగుతున్న ఉపన్యాసమిది. అలాంటి వ్యక్తికి నివాళిగా పెద్ద సిద్ధాంతం కన్నా తరగతి గదిలో రోజూ తగిలే చిన్న మాటను తీసుకోవడమే ఉచితమని నా అభిప్రాయం. అందుకే ‘లూజ్’ అనే క్రియను ఎంచుకున్నాను. మన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుల్లో ఈ మాట ఎదుట పోగొట్టుకొను, కోల్పోవు, ఓడిపోవు, నష్టపోవు, తప్పిపోవు, జారవిడుచుకొను అని ఒక బారు కనిపిస్తుంది. విద్యార్థి ఆ బారును కంఠస్థం చేస్తాడు, కాని వాక్యం ఎదురైనప్పుడు ఏది వాడాలో తెలియక ఆగిపోతాడు. నేను చెప్పదలచింది ఇది: ఇంగ్లీషులో ఈ క్రియకు ఉన్నది ఒకటే అర్థం. మనకు అది పది అర్థాలుగా కనిపించడానికి కారణం మన భాష అదే అనుభవాన్ని వేరే ప్రశ్నలతో విభజించడం. ఆ ప్రశ్నలేమిటో తెలిస్తే బారుతో పనిలేదు.

ముందు ఈ క్రియ విస్తృతిని చూద్దాం. ఇంగ్లీషువాడు తాళంచెవిని లూజ్ చేస్తాడు, ఆటను లూజ్ చేస్తాడు, కోర్టులో కేసును లూజ్ చేస్తాడు. దారిని, ఉద్యోగాన్ని, జుట్టును, బరువును, నిద్రను, ఓర్పును, తండ్రిని, అన్నిటినీ ఆ ఒక్క క్రియతోనే చెబుతాడు. ఎత్తునుంచి కిందికి దిగిపోతున్న విమానం ‘ఎత్తును’ లూజ్ చేస్తుంది, నెమ్మదిగా నడిచే గడియారం రోజుకు ఐదు నిమిషాలు లూజ్ చేస్తుంది. వివరణ అర్థం కాని శ్రోత వక్తతో ‘యూ హావ్ లాస్ట్ మీ’ అంటాడు. అంటే నడిపించేవారు మీరు, వెనక వస్తున్నవాణ్ణి నేను, మధ్యలో నేను మీ చేయి జారాను అని. ఇక్కడ పోయిన వస్తువు సాక్షాత్తూ మాట్లాడుతున్న మనిషే! ఇదే వరసను తెలుగులో చెప్పి చూడండి. తాళంచెవి ఎక్కడో పడేసుకున్నాడు, ఆట ఓడిపోయాడు, దారి తప్పాడు, ఉద్యోగం పోయింది, జుట్టు ఊడింది, బరువు తగ్గాడు, నిద్ర కరువైంది, ఓపిక నశించింది, తండ్రి పోయాడు, గడియారం వెనకబడింది, మీరు చెప్పింది నాకు అందలేదు. ఒక్క క్రియ స్థానంలో పది క్రియలు. అంతకన్నా గమనించవలసింది మరొకటుంది. ఇంగ్లీషు వాక్యాల్లో కర్త దాదాపు ఎప్పుడూ పోగొట్టుకున్నవాడే. తెలుగులో చాలా చోట్ల కర్త పోయిన వస్తువు.

ఇంగ్లీషు వాడుకలన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవి మూడు. ఒక వ్యక్తికి ఒకటి ఉండేది, లేదా తనకు ఉంటుందని అతడు లెక్కవేసుకున్నాడు. ఇప్పుడది లేదు. అది పోవడం అతడు తలపెట్టి చేసిన పని కాదు. ఈ మూడో లక్షణానికి పరీక్ష సులువు. ‘నీ తాళంచెవి లూజ్ చెయ్యి’ అని ఎవరినీ ఆజ్ఞాపించలేం. దాచమనవచ్చు, పారెయ్యమనవచ్చు, ఇచ్చెయ్యమనవచ్చు. పోగొట్టుకోమని చెబితే, ఆ మాట విని చేసిన మరుక్షణం అది పోగొట్టుకోవడం కాకుండా పోతుంది. అయినా వ్యాకరణంలో ఆ వ్యక్తినే ఇంగ్లీషు కర్తస్థానంలో కూర్చోబెడుతుంది. ఏమీ చేయనివాడు కర్త కావడం ఈ క్రియలోని విశేషం. తెలుగు విద్యార్థికి అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. అర్థాల సంఖ్య దగ్గర కాదు.

తెలుగు అడిగే ప్రధాన ప్రశ్న: ఇందులో ఆ మనిషి బాధ్యత ఎంత? ‘పర్సు పోయింది’ అన్నప్పుడు ఎవరి తప్పూ లేదు. దొంగిలించారో, జారిపోయిందో, ఇంట్లోనే ఉందో వాక్యం చెప్పదు. ‘పర్సు పోగొట్టుకున్నాడు’ అంటే అజాగ్రత్త నీడ కొంత పడింది. ‘పర్సు పారేసుకున్నాడు’ అంటే తప్పు పూర్తిగా అతడిదే, ఆ మాటలో మందలింపు కూడా వినిపిస్తుంది. ‘నోరు పారేసుకున్నాడు’, ‘మనసు పారేసుకున్నాడు’ అనే పలుకుబడులు ఈ చివరి మెట్టు మీద పుట్టినవే. నోటిని అదుపులో పెట్టుకోవలసినవాడు పెట్టుకోలేదు, మనసును దాచుకోవలసినవాడు దాచుకోలేదు. ఈ మెట్లన్నిటినీ కట్టింది ‘పోవు’ అనే మూలక్రియ, దానికి ప్రేరణార్థం తెచ్చే ‘కొట్టు’, ఫలితం తన మీదికే వచ్చిందని చెప్పే ‘కొను’. ‘పోగొట్టు’ అంటే పోయేట్టు చేయు. ‘పోగొట్టుకొను’ అంటే తన వస్తువును తనకే లేకుండా చేసుకొను. ఇంత చిన్న పదంలో వస్తువు, కారణం, నష్టపోయినవాడు, మూడింటికీ చోటు దొరికింది. ‘కోల్పోవు’ ఈ మెట్లకు పక్కగా నిలబడుతుంది. కావ్యభాషలో ‘కోలుపోవు’గా ఉన్న ఈ మాట నేడు పత్రికల్లో, సభల్లో గంభీరంగా వినిపిస్తుంది. అది బాధ్యత సంగతి ఎత్తదు, నష్టం పెద్దదని మాత్రం చెబుతుంది. అందుకే ‘స్పృహ కోల్పోయాడు’, ‘హక్కు కోల్పోయాడు’ అంటాం గాని ‘పెన్ను కోల్పోయాడు’ అంటే వినేవాళ్లకు వింతగా ఉంటుంది.

ఇదంతా రెండు జాతుల స్వభావభేదమని, ఇంగ్లీషువాడు మనిషిని ముందు నిలబెడతాడని, మనం విధిని ముందు నిలబెడతామని ఎవరైనా సిద్ధాంతం చేయబోతే వారిని ఆపడానికి చరిత్రలో గట్టి సాక్ష్యం ఉంది. నేటి ‘లూజ్’కు పాత ఇంగ్లీషులో మూలం ‘లోసియన్’ అనే క్రియ. దాని అర్థం నశించు, పోవు. అది అకర్మక క్రియ. పోయిన వస్తువే దానికి కర్త. పోగొట్టుకున్నవాడు చతుర్థీ విభక్తిలో పక్కన ఉండేవాడు. పదో శతాబ్దం చివర సువార్తలను పశ్చిమ సాక్సన్ మాండలికంలోకి అనువదించినవారు మత్తయి సువార్త 18వ అధ్యాయంలో వంద గొర్రెల కాపరి కథ చెబుతూ ఈ క్రియనే వాడారు. ఆ వాక్యం కట్టుబాటు ‘అతనికి వాటిలో ఒకటి పోతుంది’ అన్నట్టుగా ఉంటుంది. ‘ఆయనకు ఉద్యోగం పోయింది’, ‘అవ్వకు చూపు పోయింది’ అనే మన వాక్యాలకూ దానికీ నిర్మాణంలో తేడా లేదు. ఇదొక్కటే కాదు. నేడు ‘లైక్’ అనే క్రియకు మనిషి కర్త, కాని దాని పాత రూపానికి నచ్చిన వస్తువు కర్త, నచ్చినవాడు చతుర్థిలో ఉండేవాడు. అచ్చంగా మన ‘నాకు నచ్చింది’ లాగా. మధ్యయుగం పొడుగునా ఇంగ్లీషులో విభక్తి ప్రత్యయాలు అరిగిపోయాయి, క్రియకు ముందున్న నామమే కర్త అనే పదక్రమం బిగుసుకుంది. అనుభవించేవాడు ఒక్కొక్క క్రియలో కర్తస్థానంలోకి జరిగిపోయాడు. విభక్తులు నిలబెట్టుకున్న తెలుగుకు ఆ అవసరం రాలేదు. కాబట్టి తేడా మనస్తత్వానిది కాదు, విభక్తులది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. అదే అనువాదంలో లూకా సువార్త 15వ అధ్యాయంలో ఇదే గొర్రె కథ మళ్లీ వస్తుంది. అక్కడ కాపరే కర్త. కాబట్టి మనిషిని ముందు పెట్టే పద్ధతి ఇంగ్లీషులో మొదటినుంచీ ఉన్నదే కదా అని అడగవచ్చు. నిజమే, ఉంది. అయితే అక్కడ వాడింది వేరే క్రియ, ‘ఫోర్‌లేఓసన్’. దిక్కులేని, ఒంటరి అనే అర్థంలో నేటికీ మిగిలిన ‘ఫర్లార్న్’ దాని అవశేషమే. జర్మన్ భాషలోని ‘ఫెర్లీరెన్’ దాని చుట్టమే. అంటే వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషుకు రెండు క్రియలుండేవి. ఒకటి మన ‘పోవు’ వంటిది, మరొకటి మన ‘పోగొట్టుకొను’ వంటిది. తరవాతి శతాబ్దాల్లో ఈ రెండూ కలగలిసి ఒకే మాట మిగిలింది. రూపం మొదటిదాని నుంచి వచ్చింది, వాక్యనిర్మాణం రెండోదానిది స్థిరపడింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో లూకా చెప్పిన కాపరి నేటి ఇంగ్లీషు పద్ధతిలోనే గొర్రెను లూజ్ చేస్తాడు. ఇంగ్లీషు పారేసుకున్న ఒక భేదాన్ని తెలుగు దాచుకుందని అనడానికి నాకు సంకోచం లేదు. ఈ మాటల మూలాన్ని ఇంకా వెనక్కి తవ్వితే కోయడం, విడదీయడం అనే అర్థమున్న ధాతువు తగులుతుందని, సంస్కృతంలో కోయడాన్ని చెప్పే ‘లునాతి’, కొడవలిని చెప్పే ‘లవిత్రం’ అదే కుదురువని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అది వేరే కథ, దాన్ని ఇక్కడితో వదిలేస్తాను.

‘ఉన్నది పోవడం’ అనే నిర్వచనానికి ఎదురయ్యే పెద్ద చిక్కు ఆట. ఆట ఓడినవాడి దగ్గర ముందు ఏముంది గనక పోవడానికి? మ్యాచ్ ఎవరి సొత్తూ కాదు. దీనికి జవాబు పందెంలో ఉంది. జూదంలో ఒడ్డిన సొమ్ము ఒడ్డినవాడిదే, ఓడితే అది పోతుంది. తెలుగులో ‘ఓడు’ క్రియ ఈ సంగతిని ఇంగ్లీషు కన్నా స్పష్టంగా చూపిస్తుంది. ‘ధర్మరాజు జూదంలో ఓడాడు’ అంటాం, ‘ధర్మరాజు రాజ్యాన్ని ఓడాడు’ అని కూడా అంటాం. ఒక వాక్యంలో ఓటమి, మరొక వాక్యంలో సొత్తు పోవడం, క్రియ మాత్రం ఒకటే. సభాపర్వంలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు బలమంతా ఇక్కడి నుంచే వచ్చింది. భర్త ముందు తనను తాను ఓడాడా, నన్ను ఓడాడా అని ఆమె అడిగింది. తనను తాను ఓడినవాడికి తనదంటూ ఏమీ మిగలదు. మిగలనివాడు మరొకరిని ఒడ్డలేడు. ఓడాలంటే ముందు ఉండాలి అన్నదే ఆమె తర్కం. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్న ఆ ప్రశ్న, శబ్దార్థశాస్త్రం దృష్టితో చూస్తే, ఈ క్రియకు ముందస్తు షరతు ఏమిటని అడిగిన ప్రశ్న. పందెం లేని నేటి ఆటల్లో, ఎన్నికల్లో, కోర్టు కేసుల్లో ఒడ్డింది సొమ్ము కాదు, గెలుపు మీద పెట్టుకున్న లెక్క. ఆ లెక్కే పోయింది.

లెక్కవేసుకున్నది కూడా ఉన్నదానితో సమానమా అని అడగవచ్చు. గడియారానికి ఐదు నిమిషాలు ఎప్పుడూ లేవు, కాని అది ఎక్కడ ఉండాలో మనకు తెలుసు, ఆ గుర్తు నుంచి వెనకబడ్డ మేరకే పోయినట్టు. నష్టాన్ని మనసు కొలిచే తీరు ఇదేనని 1979లో డేనియల్ కానమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ ‘ఎకనోమెట్రికా’ పత్రికలో ప్రచురించిన వ్యాసం వాదించింది. మనిషి తన దగ్గరున్న మొత్తాన్ని బట్టి కాక, తాను గుర్తుగా పెట్టుకున్న స్థానం నుంచి ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అనేదాన్ని బట్టి లాభనష్టాలు చూస్తాడని, అదే పరిమాణపు లాభం ఇచ్చే సంతోషం కన్నా నష్టం ఇచ్చే బాధ పెద్దదని వారు చూపించారు. క్రికెట్ స్కోరు చెప్పే మన పద్ధతి దీనికి మంచి ఉదాహరణ. ‘3 వికెట్ల నష్టానికి 150 పరుగులు’ అంటాం. వికెట్లు ఎవరి చేతిలోనూ ఉండే వస్తువులు కావు. పది వికెట్ల మూలధనంతో జట్టు బరిలోకి దిగిందని భావించినప్పుడే ఆ ‘నష్టం’ అనే మాటకు అర్థం వస్తుంది. తెలుగు ఆ లెక్కను ఇంగ్లీషు నుంచే తెచ్చుకుంది. తెచ్చుకున్నా మన చెవికి అది ఇప్పుడు పరాయిగా లేదు.

మరి కావాలని చేసేవాటి మాటేమిటి? బరువు తగ్గడం కోరుకున్నదే, దానికి శ్రమపడతారు కూడా. అయినా శ్రమపడేది తిండి మీద, నడక మీద. బరువు తనంతట తాను పోవాలి. ఇవాళ సాయంత్రం రెండు కిలోలు తగ్గించుకుంటానని ఎవరూ అనలేరు. తరుముతున్నవారిని ‘లూజ్’ చేసే పలాయితుడి సంగతి ఇంకా ఆసక్తికరం. వెంబడించేవారు అతణ్ణి లూజ్ చేశారని చెప్పవచ్చు, అతడు వారిని లూజ్ చేశాడనీ చెప్పవచ్చు. సంబంధం తెగింది, ఏ చివర పట్టుకున్నా వాక్యం నిలుస్తుంది. తెలుగులో ఒకడు తప్పించుకున్నాడు, మిగిలినవారి కళ్లు కప్పాడు. ఇక ‘ఆ టై తీసెయ్’ అనడానికి అమెరికన్ వ్యావహారికంలో ‘లూజ్ ద టై’ అనడం మాత్రం నా నిర్వచనానికి నిజంగానే లొంగదు. అది ఇరవయ్యో శతాబ్దపు చమత్కార ప్రయోగం. తీసి పారెయ్యమనడానికి బదులు, అది ఎక్కడో పోయినట్టు నటించమనడం. నియమం తెలిసినవారికే ఆ చమత్కారం అందుతుంది కాబట్టి దాన్ని మినహాయింపుగా ఒప్పుకుంటాను, ఖండనగా ఒప్పుకోను.

మృత్యువు దగ్గర ఈ క్రియ అత్యంత బరువుగా పనిచేస్తుంది. ‘ఐ లాస్ట్ మై ఫాదర్’ అనే వాక్యం తాళంచెవి పోయినప్పటి వాక్యమే. ఈ పోలికను ఆస్కార్ వైల్డ్ 1895లో లండన్‌లో ప్రదర్శితమైన ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’ నాటకంలో హాస్యానికి వాడుకున్నాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ లేరని చెప్పిన యువకుడితో లేడీ బ్రాక్‌నెల్, ఒకరిని పోగొట్టుకోవడం దురదృష్టం కావచ్చు గాని ఇద్దరినీ పోగొట్టుకోవడం అజాగ్రత్తలా ఉంది అన్న ధోరణిలో మాట్లాడుతుంది. కర్తగా ఉన్నా ఏమీ చేయని మనిషిని, ఏదో చేసినవాడిగా ఆమె పట్టుకుంది. ‘పోగొట్టుకొను’ వాడితే ఈ హాస్యం తెలుగులో కూడా నిలుస్తుంది. ‘కన్నబిడ్డను పోగొట్టుకుంది’ అని మనమూ అంటాం కదా. అప్పుడు బాధ్యతల మెట్ల గురించి ఇందాక చెప్పింది కూలిపోతుందా? పోదని నా నమ్మకం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి తనను తాను నిందించుకుంటుంది. కాపాడుకోవలసినదాన్ని కాపాడుకోలేకపోయాననే వేదన ఆ ‘కొట్టు’లో, ఆ ‘కొను’లో ఉంది. అందుకే వయసు నిండి వెళ్లిపోయిన తాతగారి విషయంలో ఆ మాట మన నోట రాదు, ‘తాతగారు పోయారు’ అంటాం. ఇంగ్లీషుకు రెండు చోట్లా ఒకే మాట.

అలాగే సముద్రంలో ‘లాస్ట్’ అయినవారు చనిపోయారో, ఇంకా దొరకలేదో ఇంగ్లీషు మాట తేల్చి చెప్పదు. తెలుగులో తప్పిపోయినవాడు వేరు, పోయినవాడు వేరు. వేటకు వెళ్లిన పడవ తిరిగి రానప్పుడు ఒడ్డున ఉన్న కుటుంబానికి ఈ రెండు మాటల మధ్య దూరమే బతుకు. చట్టం కూడా ఆ దూరాన్ని గుర్తించింది. 2024 దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 108వ సెక్షన్ ప్రకారం, సహజంగా కబురు తెలియవలసినవారికి ఏడేళ్లపాటు ఏ కబురూ తెలియకపోతే, ఆ వ్యక్తి బతికే ఉన్నాడని రుజువు చేసే భారం అలా అనేవారిపై పడేది. తప్పిపోయినవాడు పోయినవాడుగా మారడానికి చట్టం పెట్టిన గడువది. అనువాదకుడు ‘లాస్ట్’ను చూడగానే ‘మృతి’ అని రాస్తే ఆ ఏడేళ్లనూ ఒక్క మాటతో కొట్టేసినట్టే.

మన పత్రికాభాషలో ఒక అలవాటు గురించి ఇక్కడ చెప్పక తప్పదు. ‘గోడ కూలి నలుగురు కూలీలు ప్రాణాలు కోల్పోయారు’ వంటి వాక్యం రోజూ చదువుతాం. ఇది ఇంగ్లీషు వాక్యం నీడలో స్థిరపడిన తెలుగు. మర్యాదగా ఉంటుందని వాడతారు, ఆ ఉద్దేశం మంచిదే. అయితే చనిపోయినవారిని కర్తలుగా చేసి, ప్రాణాలను వారి సొత్తుగా చేసి చెప్పినప్పుడు, గోడ ఎవరు కట్టారు, ఎందుకు కూలింది అనే ప్రశ్నకు వాక్యంలో చోటు ఉండదు. ‘చనిపోయారు’ అన్నా కారణం చెప్పదు కదా అంటారు. చెప్పదు, కాని అది పాఠకుడి చేతిలో ప్రశ్నను అలాగే ఉంచుతుంది. ‘ప్రాణాలు కోల్పోయారు’ అనే గంభీరపు చప్పుడులో సంతాపం ముగిసినట్టవుతుంది, విచారణ మొదలుకాదు. ‘గోడ కూలి నలుగురి ప్రాణాలు తీసింది’ అన్నా నయం, కనీసం వేలు గోడ వైపు చూపిస్తుంది. ఇంతకన్నా ఎక్కువ బాధ కలిగించేది ‘లూజర్’ అనే మాట. ఓడిన సంఘటన నుంచి మనిషి జాతిని తయారుచేసే మాట అది. ఒక పరీక్షలో, ఒక పోటీలో ఓడినవాణ్ణి తెలుగు ‘ఓడిపోయినవాడు’ అంటుంది, వెంటనే ‘ఎందులో?’ అని అడగవలసి వస్తుంది. ‘లూజర్’కు ఆ ప్రశ్న అక్కరలేదు. మన పిల్లలు ఒకరినొకరు ఆ మాటతో పిలుచుకోవడం మొదలుపెట్టారు. వారికి ఇంగ్లీషు నేర్పేవారు ఈ తేడాను కూడా నేర్పాలి.

బోధన దగ్గరికి వద్దాం. ‘లూజ్’కు పదిహేను అర్థాలు రాసి ఇవ్వడానికి బదులు రెండు ప్రశ్నలు చాలు: ఎవరికి ఏది ఉండేది? అది ఎలా లేకుండా పోయింది? మొదటిదానికి జవాబు దొరికితే ఇంగ్లీషు వాక్యంలో కర్త దొరుకుతాడు. రెండోదానికి జవాబు దొరికితే తెలుగు క్రియ దొరుకుతుంది. తనంతట తాను పోతే ‘పోవు’. ఏమరుపాటైతే ‘పోగొట్టుకొను’, ‘పారేసుకొను’. పోటీ అయితే ‘ఓడు’. వ్యాపారమైతే ‘నష్టపోవు’. అవకాశమైతే ‘జారవిడుచుకొను’. మనిషి జాడ తెలియకపోతే ‘తప్పిపోవు’. వర్ణక్రమం చిక్కు కూడా ఒకటుంది. వదులుగా ఉన్నదాన్ని చెప్పే ‘లూస్’ మన నాలుక మీద ‘లూజు’ అయింది, ‘చొక్కా లూజుగా ఉంది’ అంటాం. దాంతో పిల్లలు రెండు మాటలనూ ఒకలాగే పలికి, రెండు ‘ఓ’లు ఎక్కడ రాయాలో తెలియక తికమకపడతారు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు కూడా ఈ తప్పు చేస్తారు కాబట్టి పిల్లలను దీనికోసం దండించనక్కరలేదు.

నా వాదనకు చివరి పరీక్షగా ఒక కవితను తీసుకుంటాను. అమెరికన్ కవయిత్రి ఎలిజబెత్ బిషప్ 1976లో ప్రచురించిన ‘వన్ ఆర్ట్’ మొత్తం ఈ ఒక్క క్రియ మీద నడుస్తుంది. తాళంచెవులతో, వృథా అయిన ఒక గంటతో మొదలై, మరచిన పేర్లు, తల్లి గడియారం, ఇళ్లు, నగరాలు, నదులు, ఒక ఖండం మీదుగా చివరికి ప్రేమించిన మనిషి దాకా వెళుతుంది. చిన్న నష్టం నుంచి భరించలేని నష్టం దాకా క్రియ మారదు. అన్నీ ఒకటే అన్నట్టు సాగే ఆ గొంతు చివర్లో అన్నీ ఒకటి కావని బయటపెట్టడంలోనే కవిత ఉంది. దీన్ని తెలుగు చేసేవారు తాళంచెవులకు ‘పారేసుకోవడం’, గంటకు ‘వృథా కావడం’, మనిషికి ‘దూరం కావడం’ అని సహజమైన తెలుగు రాస్తే ప్రతి వాక్యం బాగుంటుంది గాని కవిత ఉండదు. ‘కోల్పోవడం’ అని అంతటా పెడితే తాళంచెవుల దగ్గరే గొంతు గంభీరమైపోయి ఎక్కవలసిన మెట్లు మిగలవు. నాకు కనిపించే దారి ‘పోగొట్టుకోవడం’ ఒక్కటే. తాళంచెవులకు అది సరిపోతుంది, ఇళ్లకు సరిపోతుంది, మనిషికి అన్నిటికన్నా బాగా సరిపోతుంది. గంట దగ్గర, నదుల దగ్గర తెలుగు కొంచెం మూలుగుతుంది, దాన్ని మూలగనివ్వాలి. అయితే ఇంగ్లీషులో లేని ఒక బరువు ఆ మాటతో పాటు కవితలోకి వచ్చి చేరుతుంది. మొదటి పంక్తి నుంచీ పోవడంలో తన చేయి కూడా ఉందేమో అనే అనుమానం ఆ గొంతులో వినిపిస్తుంది. బిషప్ కవితను చదివినవారికి ఆ అనుమానం అందులో కొత్తగా చేరిందనిపించదు.